స్విచ్ ఎంపిక: అన్‌మేనేజ్డ్, స్మార్ట్, మేనేజ్డ్, లేయర్ 3 రకాల్లో మీకు ఏది తగినది?

24 పోర్టులున్న నాలుగు ఈథర్నెట్ స్విచ్‌ల (కంప్యూటర్లను కేబుళ్లతో ఒకే నెట్‌వర్కులో కలిపే పరికరాల) వివరాల పత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగింటిలోనూ గిగాబిట్ పోర్టులే కనిపిస్తాయి. నాలుగూ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు ఫైళ్లను ఒకే వేగంతో చేరవేస్తాయి. అయినా వాటి ధరల మధ్య ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. ఆ తేడా వేగానికి సంబంధించినది కాదు. నెట్‌వర్కును భాగాలుగా విడదీయడం, లోపల ఏం జరుగుతోందో చూడడం, ఎక్కడో పొరపాటు జరిగినప్పుడు నష్టాన్ని ఆ ఒక్క పోర్టు దగ్గరే ఆపడం అనే మూడు పనుల్లో స్విచ్ ఎంతవరకు సాయపడుతుందన్నదే అసలు తేడా. కొనేవారు మాత్రం ఎక్కువగా వేగానికి సంబంధించిన అంకెలనే పోల్చుకుంటూ, నిర్ణయాన్ని మార్చగల పదాలను దాటవేస్తుంటారు. ఆ పదాలు ఏమిటో, ఒక్కొక్కటి ఏ ప్రశ్నకు సమాధానమో వివరిస్తూ ఈ నాలుగు రకాలనూ పోల్చి చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

## ముందుగా తేల్చుకోవలసినవి

అన్నిటికంటే ముందు, మీకు ఎన్ని బ్రాడ్‌కాస్ట్ డొమైన్లు కావాలో తేల్చుకోవాలి. ఒక పరికరం అందరికీ ఉద్దేశించి పంపిన ఫ్రేమ్ (ఈథర్నెట్‌లో డేటా ప్రయాణించే మూట) ఎంతవరకు చేరుతుందో అంతవరకు ఒక బ్రాడ్‌కాస్ట్ డొమైన్. వచ్చిన సంకేతాన్ని అన్ని పోర్టులకూ పంపే హబ్‌లు వాడిన రోజుల్లో కొలిజన్ డొమైన్ (ఫ్రేమ్‌లు ఢీకొనగల పరిధి) గురించి కూడా ఆలోచించవలసి వచ్చేది. స్విచ్‌లో ప్రతి పోర్టూ వేరే కొలిజన్ డొమైన్ కావడంతోపాటు, రెండు వైపులా ఒకేసారి పంపే ఫుల్ డూప్లెక్స్‌లో ఢీకొనడమే ఉండదు కాబట్టి ఆ సమస్య పోయింది. బ్రాడ్‌కాస్ట్ డొమైన్ సమస్య మాత్రం అలాగే ఉంది. ఒకే డొమైన్‌లో ఉన్న పరికరాలు మధ్యలో ఏ ఫైర్‌వాల్‌నూ దాటనక్కరలేకుండా నేరుగా ఒకదానినొకటి చేరుకోగలవు. అతిథుల ఫోన్లు, భద్రతా కెమెరాలు, ఖాతాలు చూసే కంప్యూటర్లు ఒకే డొమైన్‌లో ఉండకూడదని మీరు భావిస్తే మీకు వీల్యాన్లు (ఒకే స్విచ్‌ను వేర్వేరు బ్రాడ్‌కాస్ట్ డొమైన్లుగా విడదీసే భాగాలు) కావాలి. ఆ ఒక్క అవసరంతోనే అన్‌మేనేజ్డ్ స్విచ్ జాబితా నుంచి తొలగిపోతుంది.

తరువాత, ట్రాఫిక్ ఎక్కడి నుంచి ఎక్కడికి వెళుతోందో చూడాలి. వాడకం దాదాపు అంతా ఇంటర్నెట్ వైపే అయితే స్విచ్ లోపలి సామర్థ్యాలు పెద్దగా పరీక్షకు రావు. ఒక వీల్యాన్‌లోని కంప్యూటర్లు మరో వీల్యాన్‌లోని సర్వర్‌తో రోజంతా పెద్ద ఫైళ్లు ఇచ్చిపుచ్చుకుంటుంటే మాత్రం రౌటింగ్ (ఒక నెట్‌వర్కు నుంచి మరో నెట్‌వర్కుకు డేటాను దారి చూసి పంపడం) ఎక్కడ జరుగుతుందన్నది కీలకమవుతుంది.

స్విచ్ పోర్టు నుంచే విద్యుత్తు తీసుకోవలసిన పరికరాలు ఎన్ని, అవి ఎన్ని వాట్లు తీసుకుంటాయి అనేదీ ముందే లెక్కించుకోవాలి. దీని గురించి విడిగా చెబుతాను.

చివరగా, ఈ స్విచ్‌ను ఎవరు చూసుకుంటారు? నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే ప్రశ్న ఇదే. మొదటి రోజు పెట్టిన పాస్‌వర్డ్‌తో, ఫర్మ్‌వేర్‌ను ఒక్కసారి కూడా నవీకరించకుండా వదిలేసిన మేనేజ్డ్ స్విచ్ కంటే, అసలు లాగిన్ అయ్యే వీలే లేని అన్‌మేనేజ్డ్ స్విచ్ సురక్షితం. చూసుకునే మనిషి లేనిచోట సామర్థ్యం ఎక్కువైన కొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది.

## వివరాల పత్రంలోని అంకెలను ఎలా చదవాలి

పోర్టు వేగాన్ని బిట్లలో, ఫైలు పరిమాణాన్ని బైట్లలో చెబుతారు. సెకనుకు ఒక గిగాబిట్ అంటే 100 కోట్ల బిట్లు, అంటే 125 మెగాబైట్లు. ఈథర్నెట్, ఐపీ, టీసీపీ శీర్షికలకు, ఫ్రేమ్‌ల మధ్య వదిలే ఖాళీకి కొంత పోగా సాధారణ 1500 బైట్ల ఎంటీయూతో (ఒక ఫ్రేమ్ మోయగల గరిష్ఠ డేటా పరిమాణంతో) ఫైలు బదిలీ సెకనుకు సుమారు 118 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది. మీకు 112 నుంచి 118 వరకు కనిపిస్తుంటే స్విచ్ తన పని పూర్తిగా చేస్తున్నట్టే. ఎంత ఖరీదైన గిగాబిట్ స్విచ్ తెచ్చినా ఆ అంకె పెరగదు.

స్విచింగ్ కెపాసిటీ అంటే అన్ని పోర్టులూ రెండు దిశల్లోనూ నిండుగా పనిచేసినప్పుడు స్విచ్ లోపలి మార్గం మోయగలిగే మొత్తం భారం. 24 గిగాబిట్ పోర్టులకు 24ను రెండుతో హెచ్చిస్తే 48 గిగాబిట్లు. వాటికి మరో స్విచ్‌కో రౌటర్‌కో కలిపే నాలుగు 10 గిగాబిట్ అప్‌లింక్ పోర్టులు తోడైతే 64ను రెండుతో హెచ్చించి 128 గిగాబిట్లు. పత్రంలోని అంకె ఈ లెక్కకు సమానంగా ఉంటే ఆ స్విచ్‌ను నాన్‌బ్లాకింగ్ అంటారు.

ఫార్వార్డింగ్ రేటు సెకనుకు ఎన్ని ప్యాకెట్లను ముందుకు పంపగలదో చెబుతుంది. ఈథర్నెట్‌లో అతి చిన్న ఫ్రేమ్ 64 బైట్లు. దానికి ముందు 8 బైట్ల ప్రియాంబుల్ (ఫ్రేమ్ రాకను తెలిపే ఆరంభ సంకేతం), తరువాత 12 బైట్లంత విరామం కలిపితే 84 బైట్లు, అంటే 672 బిట్లు. 100 కోట్లను 672తో భాగిస్తే ఒక గిగాబిట్ పోర్టుకు సెకనుకు 14,88,095 ఫ్రేమ్‌లు వస్తాయి. 24 పోర్టులకు అది సుమారు 3.57 కోట్లు, పత్రాల భాషలో 35.7 మిలియన్లు. ఈ లెక్క ఒకసారి చేసి చూసుకుంటే, పెట్టె మీద పెద్ద అక్షరాలతో కనిపించే ఈ రెండు అంకెలూ పోర్టుల సంఖ్య నుంచి నేరుగా వచ్చేవేనని, ఇప్పుడు దొరికే గిగాబిట్ స్విచ్‌లలో దాదాపు అన్నీ ఈ ప్రమాణాన్ని అందుకుంటాయని తెలుస్తుంది. కాబట్టి వీటిని బట్టి ఒక స్విచ్‌ను మరోదానికంటే మేలైనదిగా ఎంచవద్దు.

మ్యాక్ పట్టిక పరిమాణం కూడా చాలామందికి అవసరం లేని పోలిక. ఏ మ్యాక్ చిరునామా (నెట్‌వర్కులో ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) ఏ పోర్టు వైపు ఉందో స్విచ్ గుర్తుంచుకునే పట్టిక అది. కొంతసేపు, సాధారణంగా 300 సెకన్లు, కనిపించని చిరునామాను స్విచ్ తొలగిస్తుంది. పట్టిక నిండిపోతే కొత్త చిరునామాలకు వెళ్లే ఫ్రేమ్‌లను ఆ వీల్యాన్‌లోని అన్ని పోర్టులకూ పంపవలసి వస్తుంది. ఎనిమిది వేల చిరునామాల పట్టిక వందల పరికరాలున్న కార్యాలయానికి ధారాళంగా సరిపోతుంది. ప్రతి వర్చువల్ మెషీన్‌కూ ఒక మ్యాక్ చిరునామా ఉండే సర్వర్ గదికి మాత్రం లెక్క వేసి చూసుకోవాలి.

బఫర్ (ఫ్రేమ్‌లను తాత్కాలికంగా నిలిపే మెమరీ) మీద ఉండవలసిన శ్రద్ధ సాధారణంగా ఉండదు. 10 గిగాబిట్ పోర్టులో ఉన్న సర్వర్ ఒక గిగాబిట్ పోర్టులోని కంప్యూటర్‌కు డేటా పంపినప్పుడు, వచ్చే వేగం పోయే వేగానికి పదింతలు. మధ్యలో పోగుపడిన ఫ్రేమ్‌లు బఫర్‌లో నిలుస్తాయి. అది నిండితే పడిపోతాయి. వేర్వేరు వేగాల పోర్టులు కలిసి ఉన్నచోట, బ్యాకప్‌లు, వీడియో ఎడిటింగ్ వంటి పనులున్నచోట ఈ అంకెను తప్పక పోల్చండి. ఒక తయారీదారు దీన్ని మెగాబైట్లలో, మరొకరు మెగాబిట్లలో రాస్తారు. పోల్చే ముందు రెండింటినీ ఒకే ప్రమాణానికి మార్చుకోవడం మరవద్దు.

స్విచ్ లేటెన్సీ (ఫ్రేమ్ స్విచ్‌ను దాటడానికి పట్టే ఆలస్యం) గురించి సాధారణ కార్యాలయం ఆలోచించవలసిన పని లేదు. ఫ్రేమ్ మొత్తాన్ని అందుకున్నాకే ముందుకు పంపే స్టోర్ అండ్ ఫార్వర్డ్ పద్ధతిలో 1518 బైట్ల ఫ్రేమ్ గిగాబిట్ వేగంతో లోపలికి రావడానికి పట్టే కాలం సుమారు 12 మైక్రోసెకన్లు మాత్రమే. 1500 బైట్లకు మించిన డేటా మోసే జంబో ఫ్రేమ్‌ల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక అవసరం. ఒక బ్రాడ్‌కాస్ట్ డొమైన్‌లోని ప్రతి పరికరంలోనూ ఒకే ఎంటీయూ ఉండాలి. ఒక పరికరం 9000 బైట్ల ఫ్రేమ్ పంపి, దారిలోని స్విచ్ అంత పెద్ద ఫ్రేమ్‌ను అనుమతించకపోతే ఆ స్విచ్ ఎవరికీ ఏమీ చెప్పకుండా దాన్ని పారవేస్తుంది. స్టోరేజ్ కోసం ప్రత్యేకించిన నెట్‌వర్కులో తప్ప వీటి జోలికి వెళ్లవద్దనే నా సలహా.

## నాలుగు రకాలు ఒకే చూపులో

పట్టికలోని ఆర్‌ఎస్‌టీపీ, ఎంఎస్‌టీపీ లూప్‌లను ఆపే పద్ధతులు. లూప్ అంటే ఏమిటో కిందే చెబుతాను. కన్సోల్, ఎస్‌ఎస్‌హెచ్ స్విచ్‌కు కమాండ్లు ఇచ్చే మార్గాలు, ఎస్‌ఎన్‌ఎంపీ పరికరాలను దూరం నుంచి పర్యవేక్షించే పద్ధతి.

| అంశం | అన్‌మేనేజ్డ్ | స్మార్ట్ | మేనేజ్డ్ | లేయర్ 3 |
|---|---|---|---|---|
| వీల్యాన్లు | లేవు | ఉంటాయి, సంఖ్యకు పరిమితి | ఉంటాయి | ఉంటాయి |
| లూప్ నుంచి రక్షణ | చాలావాటిలో ఉండదు | సాధారణంగా ఆర్‌ఎస్‌టీపీ | ఆర్‌ఎస్‌టీపీ, ఎంఎస్‌టీపీ | ఆర్‌ఎస్‌టీపీ, ఎంఎస్‌టీపీ |
| వీల్యాన్ల మధ్య రౌటింగ్ | చేయదు | సాధారణంగా చేయదు | పరిమితంగా లేదా చేయదు | హార్డ్‌వేర్ వేగంతో చేస్తుంది |
| నిర్వహించే మార్గం | అవసరం లేదు | వెబ్ పేజీ | కన్సోల్, ఎస్‌ఎస్‌హెచ్, వెబ్, ఎస్‌ఎన్‌ఎంపీ | మేనేజ్డ్‌లో ఉన్నవన్నీ |
| పోర్టు దగ్గర గుర్తింపు తనిఖీ | లేదు | కొన్నింటిలో | ఉంటుంది | ఉంటుంది |
| కావలసిన పరిజ్ఞానం | శూన్యం | వీల్యాన్ అవగాహన | కమాండ్లతో పనిచేసే అనుభవం | రౌటింగ్ ప్రణాళిక వేయగల నైపుణ్యం |

### అన్‌మేనేజ్డ్

దీనికి ఐపీ చిరునామా ఉండదు, పాస్‌వర్డ్ ఉండదు, నవీకరించవలసిన ఫర్మ్‌వేర్ ఉండదు. కేబుల్ పెడితే పనిచేస్తుంది. ఒకే బ్రాడ్‌కాస్ట్ డొమైన్ చాలునన్నచోట ఇంతకంటే మేలైనది లేదు.

దీని బలహీనత లూప్. ఒకే కేబుల్ రెండు కొసలనూ ఎవరైనా ఒకే స్విచ్‌లో పెట్టినా, రెండు స్విచ్‌ల మధ్య తెలియక రెండో కేబుల్ కలిపినా లూప్ ఏర్పడుతుంది. ఐపీ ప్యాకెట్‌లో ప్రతి రౌటర్ దగ్గరా తగ్గుతూ పోయే ఆయుఃపరిమితి ఉంటుంది. ఈథర్నెట్ ఫ్రేమ్‌లో అలాంటిదేమీ లేదు. అందువల్ల లూప్‌లో పడిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఆగకుండా తిరుగుతూ, మళ్లీ మళ్లీ అన్ని పోర్టులకూ వెళుతూ కొద్ది సెకన్లలోనే మొత్తం నెట్‌వర్కును స్తంభింపజేస్తుంది. దీన్నే బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు. దీన్ని ఆపడానికే 1985లో అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించారు. 802.1డీ ప్రమాణంలోకి వచ్చిన ఆ తొలి రూపం ఒక మార్గం తెగితే కోలుకోవడానికి 30 నుంచి 50 సెకన్లు తీసుకునేది. 2001లో వచ్చిన 802.1డబ్ల్యూ, అంటే ఆర్‌ఎస్‌టీపీ, సాధారణంగా కొద్ది సెకన్లలోపే ఆ పని పూర్తి చేస్తుంది. ఎక్కువమంది చేతులు పడే సమావేశ గదుల్లో, తరగతి గదుల్లో ఆర్‌ఎస్‌టీపీ లేని స్విచ్ పెట్టకూడదని నా నిశ్చితాభిప్రాయం.

### స్మార్ట్

ఈ వర్గానికి ఈథర్నెట్ ప్రమాణాలను రూపొందించే సంస్థ ఐఈఈఈ ఇచ్చిన నిర్వచనం ఏదీ లేదు. ఒకరు స్మార్ట్ అంటారు, మరొకరు ప్లస్ అంటారు, ఇంకొకరు వెబ్ మేనేజ్డ్ అంటారు. పెట్టె మీద ఏ పేరున్నా దాన్ని పక్కనపెట్టి పత్రంలో ప్రమాణాల సంఖ్యలను వెతకాలి. వీల్యాన్‌కు 802.1క్యూ, లూప్ రక్షణకు 802.1డబ్ల్యూ, రెండు మూడు కేబుళ్లను ఒకే లింకుగా కలపడానికి ఎల్‌ఏసీపీ, మల్టీకాస్ట్ వీడియో అన్ని పోర్టులకూ వెళ్లకుండా చూడడానికి ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్నాయేమో చూడండి. 802.1క్యూ ట్యాగ్‌లో వీల్యాన్ సంఖ్యకు 12 బిట్లు ఉండడం వల్ల వాడుకోదగిన సంఖ్యలు 1 నుంచి 4094 వరకు ఉంటాయి. స్మార్ట్ స్విచ్ ఆ సంఖ్యల్లో దేనినైనా అంగీకరించినా, ఒకేసారి 32 లేదా 64 వీల్యాన్లనే ఉంచుకోనివ్వవచ్చు. చిన్న సంస్థకు అవి చాలు.

ఈ వర్గంలో అట్టడుగున ఉన్నవాటితో జాగ్రత్త అవసరం. వాటిలో కొన్నింటిలో ఆర్‌ఎస్‌టీపీకి బదులు లూప్‌ను పసిగట్టి పోర్టును మూసే సదుపాయం మాత్రమే ఉంటుంది. దానితో అనుకోకుండా జరిగే పొరపాటు ఆగుతుంది గాని, ఒక కేబుల్ తెగితే మరొకటి అందుకునేలా కావాలని పెట్టుకునే రెండో మార్గం సాధ్యం కాదు. నిర్వహణ పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో తెరుచుకుంటుందా, ఆ పేజీని ఒక ప్రత్యేక వీల్యాన్ నుంచి మాత్రమే చూసేలా పరిమితం చేయవచ్చా అని కూడా అడగండి. రెండింటికీ లేదనే సమాధానం వస్తే, అతిథి వీల్యాన్‌లో ఉన్నవారు కూడా స్విచ్ పేజీని తెరవగలరేమోనని అనుమానించవలసిందే.

### మేనేజ్డ్

స్మార్ట్ స్విచ్ వీల్యాన్లతో నెట్‌వర్కును విడదీస్తుంది. మేనేజ్డ్ స్విచ్ దానితోపాటు ప్రతి పోర్టు దగ్గరా కాపలా ఉంచుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. కార్యాలయంలో ఎవరో వైఫై బాగా రావాలని ఇంటి రౌటర్‌ను తెచ్చి, దాని లోపలి పోర్టును గోడలోని పోర్టుకు కలుపుతారు. ఆ రౌటర్ తన డీహెచ్‌సీపీ సర్వర్‌తో చుట్టూ ఉన్న కంప్యూటర్లకు తప్పుడు చిరునామాలు పంచడం మొదలుపెడుతుంది. కొందరికి ఇంటర్నెట్ ఉంటుంది, కొందరికి పోతుంది, కారణం గంటల తరబడి దొరకదు. డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉన్న స్విచ్‌లో అసలైన సర్వర్ ఉన్న పోర్టును మాత్రమే నమ్మదగినదిగా గుర్తిస్తారు. మిగతా పోర్టుల నుంచి వచ్చే చిరునామాల జవాబులను స్విచ్ అక్కడికక్కడే పారవేస్తుంది. ఒక కంప్యూటర్ మరోదాని చిరునామాను తనదిగా చెప్పుకోకుండా చూసే డైనమిక్ ఏఆర్‌పీ ఇన్‌స్పెక్షన్, పోర్టుకు కలిసేవారిని ముందు గుర్తించే 802.1ఎక్స్ తనిఖీ కూడా ఇలా పోర్టు దగ్గరే అడ్డుకునే సదుపాయాలే. ఇవి స్మార్ట్ స్విచ్‌లలోకీ కొంతవరకు వస్తున్నాయి కాబట్టి, ఈ రెండు వర్గాల సరిహద్దు మునుపటంత స్పష్టంగా లేదు.

సరిహద్దు ఇప్పటికీ స్పష్టంగా కనిపించేది కాన్ఫిగరేషన్ విషయంలో. మేనేజ్డ్ స్విచ్ అమరిక అంతా చదవగలిగే పాఠ్యంగా ఉంటుంది. నిన్నటి పాఠ్యాన్ని నేటి పాఠ్యంతో పోల్చి ఎవరు ఏం మార్చారో చూడవచ్చు. స్విచ్ పాడైతే అదే పాఠ్యాన్ని కొత్తదానిలో ఎక్కించవచ్చు. 40 స్విచ్‌లకు ఒకే మార్పును స్క్రిప్టుతో పంపవచ్చు. రెండు మూడు స్విచ్‌లున్నవారికి ఇది విలాసం, పదులు దాటినవారికి తప్పనిసరి. పర్యవేక్షణకు ఎస్‌ఎన్‌ఎంపీ వాడేటట్లయితే మూడో వెర్షన్‌నే ఎంచుకోండి. రెండో వెర్షన్‌లో పాస్‌వర్డ్ లాంటి కమ్యూనిటీ పదం నెట్‌వర్కు మీద బాహాటంగా ప్రయాణిస్తుంది.

క్లౌడ్ ద్వారా నడిపే స్విచ్‌లను కూడా ఈ వర్గంలోనే చేర్చవచ్చు. వేర్వేరు ఊళ్లలో శాఖలున్న సంస్థకు అవి నిజంగా ఉపయోగకరం. అయితే చందా ముగిసిన తరువాత స్విచ్‌లో ఏది పనిచేస్తుంది, ఏది ఆగిపోతుంది అన్నది కొనేముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.

### లేయర్ 3

రెండు వీల్యాన్లు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే మధ్యలో రౌటింగ్ జరగాలి. స్విచ్ ఆ పని చేయలేకపోతే ట్రాఫిక్ అప్‌లింక్ మీదుగా రౌటర్‌కు వెళ్లి, అదే కేబుల్ మీద తిరిగి వస్తుంది. ఆ కేబుల్ గిగాబిట్‌ది అయితే వీల్యాన్ల మధ్య తిరిగే మొత్తం ట్రాఫిక్, ఇంటర్నెట్ ట్రాఫిక్ కలిసి ఒక్కో దిశలో ఆ ఒక్క గిగాబిట్‌నే పంచుకోవాలి. రాత్రి బ్యాకప్ మొదలైనప్పుడల్లా ఇంటర్నెట్ నెమ్మదించడానికి చాలాసార్లు కారణం ఇదే. లేయర్ 3 స్విచ్ ఈ రౌటింగ్‌ను తన ప్రధాన చిప్‌లోనే, పోర్టు వేగం తగ్గకుండా చేస్తుంది.

ఇక్కడ ఒక పెద్ద బదలాయింపు ఉంది. దాని గురించి ప్రచార పత్రాలు సాధారణంగా చెప్పవు. రౌటింగ్ స్విచ్‌లోకి మారిన క్షణం నుంచి వీల్యాన్ల మధ్య ట్రాఫిక్ ఫైర్‌వాల్‌ను చేరదు. స్విచ్‌లోని యాక్సెస్ లిస్టులు ఒక్కో ప్యాకెట్‌ను విడిగా, చిరునామా, పోర్టు సంఖ్యలను బట్టి అనుమతించడమో ఆపడమో చేస్తాయి. ఈ ప్యాకెట్ ఇంతకుముందు మొదలైన సంభాషణకు జవాబా, కొత్త ప్రయత్నమా అన్నది ఫైర్‌వాల్ గుర్తుంచుకున్నట్టుగా అవి గుర్తుంచుకోవు. అందువల్ల కెమెరాలు, అతిథులు, ఖాతాల విభాగం వంటి పరస్పరం నమ్మకూడని వీల్యాన్లను ఫైర్‌వాల్ దగ్గరే రౌట్ చేయించి, ఒకే విధమైన నమ్మకం ఉన్నవాటిని, ఉదాహరణకు ఉద్యోగుల కంప్యూటర్లను, ఫైలు సర్వర్‌ను, లేయర్ 3 స్విచ్‌లో రౌట్ చేయడమే నాకు సరైన మార్గంగా తోస్తుంది. వేగం కోసం అన్నిటినీ స్విచ్‌లోకి తేవడం తొందరపాటు.

లేయర్ 3 స్విచ్ ఉంటే రౌటర్ అక్కరలేదనుకోవడం కూడా పొరపాటే. ఇంటర్నెట్ వైపు కావలసిన నాట్ (లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చడం), వీపీఎన్, స్థితిని గుర్తుంచుకునే ఫైర్‌వాల్ వంటి పనులను ఇలాంటి స్విచ్‌లు సాధారణంగా చేయవు. లేయర్ 3 లైట్ అని కనిపిస్తే అందులో స్టాటిక్ రౌట్లు (చేతితో రాసి పెట్టే దారులు) మాత్రమే, అవి కూడా పరిమిత సంఖ్యలో ఉంటాయని ఊహించి, ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులను తామే తెలుసుకునే పద్ధతి), వీఆర్‌ఆర్‌పీ (ఒక రౌటర్ ఆగితే మరొకటి అందుకునే పద్ధతి) మీకు అవసరమైతే పేరుపేరునా అడగండి. అవి కొన్నిచోట్ల విడి లైసెన్సుతో వస్తాయి.

## పోర్టు నుంచి విద్యుత్తు

| ప్రమాణం | సంవత్సరం | స్విచ్ పోర్టు ఇచ్చేది | పరికరానికి చేరేది |
|---|---|---|---|
| 802.3ఏఎఫ్ | 2003 | 15.4 వాట్లు | 12.95 వాట్లు |
| 802.3ఏటీ | 2009 | 30 వాట్లు | 25.5 వాట్లు |
| 802.3బీటీ టైప్ 3 | 2018 | 60 వాట్లు | 51 వాట్లు |
| 802.3బీటీ టైప్ 4 | 2018 | 90 వాట్లు | 71.3 వాట్లు |

రెండు అంకెల మధ్య తేడా 100 మీటర్ల కేబుల్‌లో వేడిగా పోయే భాగం. కేబుల్ ద్వారానే విద్యుత్తు పంపే ఈ పద్ధతిని పీఓఈ అంటారు. పోర్టు ప్రమాణం కంటే ముందు చూడవలసింది పీఓఈ బడ్జెట్, అంటే అన్ని పోర్టులూ కలిపి స్విచ్ ఇవ్వగల మొత్తం. ఎనిమిది 802.3ఏటీ పోర్టులున్న స్విచ్ అన్నిటికీ నిండుగా ఇవ్వాలంటే 240 వాట్లు కావాలి. దాని బడ్జెట్ 60 వాట్లే అయితే నిండు వాడకంలో రెండు పోర్టులకే సరిపోతుంది. పరికరాల సగటు వాడకం కాక గరిష్ఠ వాడకం కూడుకోండి. చీకటిలో చూసే కెమెరాలు రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగినప్పుడు ఎక్కువ విద్యుత్తు తీసుకుంటాయి. పగలు సవ్యంగా నడిచి రాత్రి ఒక్కొక్కటిగా ఆగిపోయే కెమెరాల వెనుక తరచుగా ఉండేది ఈ లెక్క తప్పడమే.

పాసివ్ పీఓఈ అని ఉన్న పరికరాలను వీటితో కలపవద్దు. ప్రమాణాలను పాటించే స్విచ్ విద్యుత్తు ఇచ్చే ముందు అవతలి పరికరంలో 25 కిలో-ఓమ్‌ల గుర్తింపు నిరోధం ఉందో లేదో పరీక్షిస్తుంది. పాసివ్ పద్ధతిలో ఆ పరీక్ష లేకుండానే విద్యుత్తు వెళుతుంది కాబట్టి పొరపాటున కలిపిన పరికరం కాలిపోవచ్చు.

## కేబుల్, అప్‌లింక్

స్విచ్‌ను కొన్నేళ్లకు మార్చవచ్చు, గోడల్లోని కేబుల్‌ను మార్చడం కష్టం. క్యాట్ 5ఈ 100 మీటర్ల వరకు గిగాబిట్‌ను, 2016 నాటి 802.3బీజెడ్ ప్రమాణంతో 2.5 గిగాబిట్లను మోస్తుంది. క్యాట్ 6 అదే దూరానికి 5 గిగాబిట్లను, సుమారు 55 మీటర్ల లోపు 10 గిగాబిట్లను మోస్తుంది. క్యాట్ 6ఏ 100 మీటర్లకూ 10 గిగాబిట్లను ఇస్తుంది. పాత క్యాట్ 5ఈ ఉన్న భవనంలో కొత్త వైఫై యాక్సెస్ పాయింట్లు పెట్టేవారు కేబుళ్లన్నీ పీకనక్కరలేదు. 2.5 గిగాబిట్ పోర్టులున్న స్విచ్ తీసుకుంటే చాలు. కొత్తగా వేసేవారు క్యాట్ 6ఏ వేయండి. పైన రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ క్యాట్ 6 పేరుతో దొరికినా తీసుకోవద్దు. దాని నిరోధం ఎక్కువ, పీఓఈతో వేడెక్కుతుంది, ప్రమాణాలకు సరిపడదు.

రెండు భవనాల మధ్య దూరం 20 మీటర్లే అయినా ఫైబర్ వాడండి. రాగి తీగ రెండు భవనాల ఎర్తింగ్‌ల మధ్య ఉన్న వోల్టేజి తేడాను, పిడుగు పడినప్పుడు వచ్చే తాకిడిని నేరుగా స్విచ్‌లోకి తెస్తుంది. ఫైబర్‌కు ఆ బాధ లేదు. దగ్గరి దూరాలకు వాడే మల్టీమోడ్ ఫైబర్‌లో ఓఎం3 రకం మీద 10 గిగాబిట్ ఎస్‌ఆర్ మాడ్యూల్ (స్విచ్‌కు ఫైబర్‌ను కలిపే చిన్న భాగం) 300 మీటర్ల వరకు పనిచేస్తుంది. ఎక్కువ దూరాలకు వాడే సింగిల్ మోడ్ ఫైబర్ మీద ఎల్‌ఆర్ మాడ్యూల్ 10 కిలోమీటర్ల వరకు పనిచేస్తుంది. కొత్తగా భూమిలో వేసేది సింగిల్ మోడ్ అయితే తరువాతి వేగాలకు కూడా అదే ఫైబర్ పనికివస్తుంది కాబట్టి నేను అదే సూచిస్తాను.

మాడ్యూల్ పోర్టుల్లో ఎస్‌ఎఫ్‌పీ ఒక గిగాబిట్‌కు, ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ 10 గిగాబిట్లకు. ఆకారం ఒకటే కావడంతో తికమక పడతారు. 10 గిగాబిట్ మాడ్యూల్ ఎస్‌ఎఫ్‌పీ పోర్టులో పడుతుంది గాని పనిచేయదు. ఒక గిగాబిట్ మాడ్యూల్ ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ పోర్టులో చాలావరకు పనిచేస్తుంది, కొన్ని స్విచ్‌లలో వేగాన్ని చేతితో అమర్చవలసి రావచ్చు. కొందరు తయారీదారులు తమ మాడ్యూళ్లను తప్ప అంగీకరించరు. ఒకే ర్యాక్‌లోని రెండు స్విచ్‌లను కలపడానికి మాడ్యూళ్లకు బదులు డ్యాక్ కేబుల్ (రెండు కొసలూ నేరుగా ఆ పోర్టుల్లో పట్టే రాగి కేబుల్) చవకగా సరిపోతుంది.

## ఎవరికి ఏది

ఇంట్లో ఒక టీవీ, రెండు మూడు కంప్యూటర్లు, ఒక ఫైలు నిల్వ పరికరం ఉన్నవారికి ఎనిమిది పోర్టుల అన్‌మేనేజ్డ్ స్విచ్ చాలు. మల్టీకాస్ట్‌తో వచ్చే టీవీ సేవ ఉంటే ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్మార్ట్ స్విచ్ తీసుకోవాలి. లేకపోతే ఆ వీడియో ప్రవాహం ప్రతి పోర్టుకూ వెళుతుంది.

పది నుంచి యాభై మంది పనిచేసే, నెట్‌వర్కు ఇంజినీరు లేని సంస్థకు ఆర్‌ఎస్‌టీపీ, హెచ్‌టీటీపీఎస్ ఉన్న స్మార్ట్ స్విచ్, వీల్యాన్ల మధ్య రౌటింగ్‌కు ఫైర్‌వాల్ అన్నది నా సిఫార్సు. ఇలాంటిచోట లేయర్ 3 స్విచ్ మీద పెట్టే డబ్బును పీఓఈ బడ్జెట్ మీద, మంచి కేబుల్ మీద పెడితే ఎక్కువ ఫలితం కనిపిస్తుంది. ఫైర్‌వాల్ దాకా వెళ్లే లింకు నిండిపోతోందని కొలతలో తేలితే, ముందు ఎల్‌ఏసీపీతో రెండు కేబుళ్లను కలపండి. అయితే రెండు గిగాబిట్ కేబుళ్లు కలిపినా ఒక్క ఫైలు బదిలీకి రెండు గిగాబిట్లు రావు. ఒక్కో ప్రవాహం ఒక్కో కేబుల్ మీదే వెళుతుంది. ఎక్కువమంది ఒకేసారి వాడినప్పుడే ప్రయోజనం తెలుస్తుంది. ఒక్క బదిలీయే వేగంగా జరగాలంటే 10 గిగాబిట్ వంటి వేగవంతమైన అప్‌లింక్ కావాలి.

కళాశాల, ఆసుపత్రి, అనేక అంతస్తుల కార్యాలయం వంటివాటికి ప్రతి అంతస్తులో మేనేజ్డ్ స్విచ్, మధ్యలో రెండు లేయర్ 3 స్విచ్‌లు ఉండాలి. తెలియని మనుషులు పోర్టులను చేరుకోగలిగే భవనాల్లో 802.1ఎక్స్, డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఐచ్ఛికాలు కావు.

నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులు వాడిన మేనేజ్డ్ స్విచ్‌ను కొనుక్కోవడం మంచి మార్గమే. కొనేముందు మూడు విషయాలు చూసుకోండి. కన్సోల్ కేబుల్ ఏ రకమో తెలుసుకోండి, పాత పాస్‌వర్డ్‌ను తొలగించే పద్ధతి ఆ నమూనాకు ఉందో లేదో కనుక్కోండి, ఫ్యాన్ల శబ్దం స్వయంగా విని చూడండి. ర్యాక్ గదుల కోసం చేసిన స్విచ్‌ను చదువుకునే గదిలో రోజంతా నడపడం కష్టం. ఇలాంటి పాత స్విచ్‌కు భద్రతా నవీకరణలు ఆగిపోయి ఉండవచ్చు కాబట్టి దాన్ని సాధన కోసం విడి నెట్‌వర్కులోనే ఉంచండి, ఇంటి ఇంటర్నెట్‌కు కలిపి వదిలేయవద్దు.